కొల్లేటి ఒడ్డున మార్చి లెక్కలు

హనుమాన్ జంక్షన్‌లో బండి ఆపినవాళ్ళు ముందు ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుంటారు. ఎటు వెళ్ళాలన్నది ఆ తర్వాతి సంగతి. ఇక్కడినుంచి నాలుగు దారులున్నాయి. ఒకటి విజయవాడకి, ఒకటి ఏలూరుకి, ఒకటి నూజివీడు మామిడితోటల్లోకి, ఇంకొకటి గుడివాడ మీదుగా పల్లపు డెల్టాలోకి. నూజివీడు పేరు పెట్టుకున్న రైల్వే స్టేషను ఉన్నది కూడా ఈ జంక్షన్‌లోనే. బైపాస్ పడ్డాక లారీల రొద కాస్త తగ్గింది గానీ గుడి దగ్గర గంటల చప్పుడు, టీ కొట్ల దగ్గర గ్లాసుల చప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మేం ముగ్గురం అక్కడ దిగాం. నేను, డాలస్ పక్కన స్థిరపడ్డ నా మేనకోడలు, పదేళ్ళ దాని కొడుకు. కొల్లేరు చూపిస్తానని పిల్లవాడికి మాటిచ్చాను. పెసరట్టు తింటూ వాడు అడిగాడు: "తాతయ్యా, ఆ లేక్ పక్కన క్యాంప్ సైట్ ఉందా? మనం రాత్రికి టెంట్ వేసుకుని ఉండొచ్చా?"

లేదని చెప్పడం తేలికే. కానీ ఎందుకు లేదని వాడు మళ్ళీ అడిగాడు. అక్కడ నేను ఆగిపోయాను. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ దేశంలోనే పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటైన కొల్లేరు ఉంది. ఊరూరా చెరువుంది, ప్రతి చెరువుకీ గట్టుంది. మామూలు కుటుంబం నాలుగు రూపాయలు కట్టి, ఒక రాత్రి నీళ్ళ ఒడ్డున భయం లేకుండా పడుకుని, పొద్దున్నే పక్షుల్ని చూసి ఇంటికి వెళ్ళే చోటు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంత అరుదు. ఉన్నచోట్ల కూడా కట్టిన ఏడాది కళకళలాడి, మూడో ఏడాదికి వెలవెలపోవడం మనకి మామూలైపోయింది. ఆ రోజంతా వాడి ప్రశ్న నన్ను వదల్లేదు.

గుడివాడ దారి పట్టాం. వరికోతలు అయిపోయి దుబ్బుల మధ్య మినుము పచ్చగా పాకుతోంది. దారికి కొంచెం లోపలగా ఉన్న ఒక ఊరి చెరువు దగ్గర కాసేపు ఆగాం. ఆ ఊరి పేరు రాయను. ఇలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి, నిందంతా ఒక్కదాని మీద వేయడం న్యాయం కాదు.

చెరువు గట్టు మీద ఒకప్పుడు ఎవరో ప్రేమగా కట్టిన పార్కు ఉంది. నడవడానికి బాట, సిమెంటు బెంచీలు, పిల్లలకి ఉయ్యాల, చివర్న ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరుగా మరుగుదొడ్లు. ఉయ్యాలకి గొలుసులున్నాయి, పీట లేదు. బాట అంచుల్ని సర్కారు తుమ్మ కమ్ముకొచ్చింది. మరుగుదొడ్డికి వేసిన తాళం ఎంత తుప్పు పట్టిందంటే, ఇప్పుడు తాళంచెవి దొరికినా అది తిరగదు. నల్లరాతి శిలాఫలకం ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. అందులో ఒక్క అక్షరమూ చెరగలేదు.

గేదెల్ని నీళ్ళకి తోలుకొచ్చిన ఒక పెద్దావిడని పలకరించాను. "ఏమ్మా, ఇది ఎప్పుడు పాడైంది?" అన్నాను.

"పాడవ్వటమేంటి బాబూ, కట్టిన ఏడాది ఎంత బాగుండేదనుకున్నావు. సాయంత్రమైతే ఆడపిల్లలంతా ఇక్కడే ఉండేవాళ్ళు. తర్వాత మోటారు కాలిపోయింది. నీళ్ళు లేకపోతే దొడ్లు ఎవరు కడుగుతారు? తాళం ఏశారు. దొడ్డి లేకపోతే ఆడోళ్ళు కూర్చోలేరు గదా, రావడం మానేశారు. ఆడోళ్ళు రాకపోతే తాగేవాళ్ళొచ్చారు. అంతే."

అక్కడే నిలబడి ఆవిడ మాటల్ని మళ్ళీ మనసులో నడిపించుకున్నాను. మోటారు, నీళ్ళు, మరుగుదొడ్డి, ఆడపిల్లలు, పార్కు. ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడిచినవి, మొదటిది పడిపోగానే వరసగా పడిపోయాయి. లక్షలు పోసి కట్టినదాన్ని కాపాడటానికి ఆ రోజు కావలసింది మోటారుకి వైండింగ్ చేయించే డబ్బు. ఆ కాస్త డబ్బు ఆ నెలలో ఎవరి దగ్గరా లేదు. ఉన్నా, దానికి ఖర్చుపెట్టే అధికారం ఎవరికీ లేదు.

ఈ విషయం మన బడ్జెట్ల తీరులోనే ఉంది. పార్కు కట్టడం మూలధన వ్యయం. దానికి అంచనా ఉంటుంది, మంజూరు ఉంటుంది, శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. మోటారు బాగుచేయించడం, గడ్డి కోయించడం, కాపలా మనిషికి జీతం ఇవ్వడం రెవెన్యూ వ్యయం. ఆ పద్దులో ముందు వరసలో జీతాలు, పెన్షన్లు, అప్పుల మీద వడ్డీలు నిలబడి ఉంటాయి. అవి తప్పనిసరి ఖర్చులు, వాటిని ఎవరూ ఆపలేరు. డబ్బు చాలనప్పుడు కోత పడేది చివర నిలబడ్డ నిర్వహణ మీదే. జీతం ఆగితే ఉద్యోగి అడుగుతాడు, వడ్డీ ఆగితే బ్యాంకు అడుగుతుంది. గట్టుమీద తుమ్మ మొలిస్తే చెరువు ఎవరినీ అడగలేదు.

పెద్ద పథకాల్లోనూ ఇదే నడక. కేంద్రం 2014-15లో స్వదేశ్ దర్శన్ పథకం మొదలుపెట్టింది. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం ఉన్న నెల్లూరు తీరానికి ఆ పథకం కింద పనులు మంజూరయ్యాయి. కట్టడాలకి అయ్యే డబ్బు నూరు శాతం కేంద్రానిది. కట్టాక నడపడం, బాగోగులు చూడటం రాష్ట్రానిది. కాగితం మీద ఇది సరైన పంపకమే. కానీ కట్టడానికి డబ్బు ఒక ఖజానానుంచీ, ఊడ్చడానికి డబ్బు ఇంకో ఖజానానుంచీ రావాలన్నప్పుడు, మొదటిది ఒక్కసారి వస్తే చాలు. రెండోది ఏటా రావాలి. పంచాయతీ సంగతీ అంతే. పదిహేనో ఆర్థిక సంఘం ఊళ్ళకిచ్చిన నిధుల్లో పెద్ద వాటా మంచినీళ్ళకీ పారిశుద్ధ్యానికీ కట్టేసి ఇచ్చింది. మిగిలిన వాటాలోంచే ఊరి మిగతా అవసరాలన్నీ తీరాలి. వీధి రోడ్డు, చెరువు పార్కు పోటీపడితే ఏది గెలుస్తుందో సర్పంచిని అడగక్కర్లేదు.

గుడివాడ దాటి మండవల్లి మీదుగా కైకలూరు వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులే. ఏరేటర్లు నీళ్ళని చిలుకుతున్నాయి. ఐస్ కొట్టి చేపల్ని పెట్టెల్లోకి ఎత్తుతున్నారు, లారీలు కలకత్తా వైపు ప్రయాణం కడుతున్నాయి. ఈ నీళ్ళలో చాలా భాగం ఒకప్పుడు కొల్లేరే.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్ళని కడుపులో పెట్టుకుని, నెమ్మదిగా ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పంపడం కొల్లేరు పని. అరవై కిలోమీటర్ల ఆ ఉప్పుటేరు ఒక్కటే దానికి బయటికి పోయే దారి. 1999 అక్టోబరు 4న ప్రభుత్వం జీవో 120 ఇచ్చి, అయిదో కాంటూరు (ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టారు. తెగ్గొట్టడానికి అప్పుడు యంత్రాలు దొరికాయి, డబ్బు దొరికింది. తర్వాత ఏటేటా కాపలా కాయడానికి, పూడిక తీయడానికి, గుర్రపు డెక్క లాగడానికి అంత పట్టుదల నిలవలేదు. గట్లు మళ్ళీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, ఆ నీరు చివరికి చేరవలసిన చోటు ఈ కొల్లేరే. సరస్సు బాగోగులకి పెట్టని ఖర్చు ఎక్కడికీ పోదు, వరద రూపంలో నగరం గుమ్మంలోకి వస్తుంది.

కైకలూరుకి ఆనుకునే ఉంటుంది ఆటపాక. 2022లో జిల్లాలు మారాక ఇది ఏలూరు జిల్లాలోకి వచ్చింది. పక్షుల కేంద్రం గేటు దగ్గర టికెట్టు తీసుకుని లోపలికి అడుగుపెట్టగానే ముందు వాసన తగులుతుంది. పచ్చి చేప, తడి ఈకలు, రెట్ట కలిసిన ఘాటు వాసన. పిల్లవాడు ముక్కు మూసుకున్నాడు. రెండు నిమిషాలకి ఆ సంగతి మర్చిపోయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

నీళ్ళ మధ్య ఇనుప స్టాండ్లు. ఒక్కో స్టాండు మీద అంతస్తులుగా గూళ్ళు, గూళ్ళలో గూడబాతులు. కింది ముక్కుకి సంచీ వేలాడుతూ, పెద్ద కుటుంబాల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. తల్లి నోట్లో తల మొత్తం దూర్చి ఒక పిల్ల చేప లాక్కుంటోంది. పక్క స్టాండు మీద గులాబీ తోకలతో రంగుల కొంగలు. ఒకప్పుడు ఇవన్నీ చెట్ల మీదే గూళ్ళు పెట్టేవి. నీళ్ళలో నిలబడ్డ చెట్లు క్రమంగా ఎండి పడిపోయాయి. చెట్టు లేకపోతే గూడు లేదు, గూడు లేకపోతే పక్షి రాదు. అందుకని అటవీశాఖవాళ్ళు ఇనుముతో కొమ్మలు కట్టించారు. పక్షులు వాటిని తమవి చేసుకున్నాయి. మనిషి చేసిన పనిని పక్షి ఒప్పుకున్న చోటు ఇది. చూస్తుంటే గుండె నిండింది.

ఇవి సైబీరియానుంచి వస్తాయని చాలామంది అంటారు. గూడబాతు మన దేశపు పక్షే. చలికాలం మొదలయ్యేసరికి నీళ్ళూ చేపలూ ఉన్న ఇలాంటి చోటు వెతుక్కుని వచ్చి, గూడు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేసరికి చెల్లాచెదురవుతుంది.

పడవ నడిపినాయనది కొల్లేటి లంక ఊరే. చిన్నప్పుడు తాటి దోనెలో బడికి వెళ్ళానని చెప్పాడు. తాటిమానుని నిలువునా చీల్చి, లోపల తొలిచి చేసే పడవ అది. దాన్ని గెడతో తోస్తారు. నేను స్టాండ్ల సంగతి అడిగాను.

"ఇనుము కదండీ, నీళ్ళలో నానుతుంది. పైన రెట్ట పడుతుంది. రెట్ట ఇనుముని తినేస్తుందండీ. రంగు ఏసుకోవాలి, వంగినోటిని సరిచెయ్యాలి, విరిగితే అతుకు పెట్టాలి. ఏ పనైనా ఎండాకాలంలోనే చెయ్యాలండీ. పక్షి ఎళ్ళిపోయాక, వాన పడకముందు. అప్పుడు నీళ్ళు తగ్గుతాయి, మనిషి దిగొచ్చు. కార్తీకంలో పని పెట్టుకుంటే లాభం లేదండీ. అప్పటికే గూడబాతు వచ్చి కూర్చుంటుంది. దాన్ని లేపకూడదు గదండీ."

ఒడ్డుకి వస్తుంటే ఈ మాటలు నా మనసులో ఇంకో క్యాలెండర్ పక్కన వెళ్ళి నిలబడ్డాయి. ప్రభుత్వ సంవత్సరం ఏప్రిల్ 1న పుడుతుంది, మార్చి 31న పోతుంది. వాడని డబ్బు ఆ రాత్రితో మురిగిపోతుంది. కొత్త బడ్జెట్ పాసయ్యాక కూడా డబ్బు ఒక్కసారి చేతికి రాదు. విడుదల ఉత్తర్వు రావాలి, పద్దు తెరుచుకోవాలి, పని జరిగాక బిల్లు ఎక్కించాలి, అది పాస్ కావాలి. ఈ వ్యవహారంలో తిరిగినవాళ్ళ నోట వినబడే మాటలు రెండు: 'బడ్జెట్ ఇంకా రాలేదండీ', 'బిల్లు పెట్టాం, పెండింగ్‌లో ఉంది'. సరస్సు ఒడ్డున పని చేయవలసిన కాలం ఏప్రిల్, మే, జూన్. సరిగ్గా ఆ మూడు నెలల్లోనే పాత ఏడాది డబ్బు అయిపోయి ఉంటుంది, కొత్త ఏడాది డబ్బు ఇంకా దారిలో ఉంటుంది. ఎన్నికల ఏడాది అయితే ఇంకా ఆలస్యం. 2024-25కి మన రాష్ట్రంలో ముందు ఓట్ ఆన్ అకౌంట్‌తో నెట్టుకొచ్చారు. పూర్తి బడ్జెట్ సభలో పెట్టింది నవంబరు 11న. అప్పటికి గూడబాతులు గూళ్ళకి పుల్లలు ఏరుకుంటున్నాయి.

డబ్బు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదని నాకు అక్కడ స్పష్టమైంది. వేళ తప్పిన డబ్బు లేని డబ్బుతో సమానం. మార్చి నెలాఖర్లో హడావుడిగా ఖర్చుపెట్టే రూపాయి బెంచీలకి రంగు వేయగలదు గానీ, నీళ్ళలో దిగి స్టాండుకి అతుకు పెట్టలేదు.

ఈ సంగతి డెల్టా రైతుకి కొత్తగా చెప్పాలా? 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ ఈ నేల బతుకు కాలువల మీదే. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీళ్ళు ఆగిన ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, గట్లకి గండ్లు పూడ్చాలి, తూములకి తలుపులు బిగించాలి. జూన్‌లో కాలువలు వదిలాక చేయగలిగిందేమీ ఉండదు. కాలువ కట్టేసే ముందే పనులు మంజూరు చేయండని రైతులు ఏటా అడిగేది ఇందుకే. కాలువకి ఏ న్యాయమో సరస్సుకీ అదే న్యాయం. తవ్విననాటి ఘనతతో కాలువ ఏ ఏడూ పారదు, ఆ ఏటి వేసవిలో చేసిన పనితోనే పారుతుంది.

మధ్యాహ్నం గట్టు మీద చెట్టు నీడన తెచ్చుకున్న పులిహోర విప్పాం. మేనకోడలు తమ ఊరి కథ చెప్పింది. టెక్సస్‌లో వాళ్ళు సెలవలకి సరస్సుల ఒడ్డున స్టేట్ పార్కుల్లో టెంటు వేస్తారు. చదును చేసిన జాగా, తినడానికి బల్ల, వంటకి మంట వేసుకునే ఇనుప చట్రం, కుళాయి, కరెంటు ప్లగ్గు, నడిచిపోయేంత దూరంలో స్నానాల గది. ఉగాదికి మూడు తెలుగు కుటుంబాలు కలిసి వెళ్ళి గోంగూర పచ్చడి, పప్పుచారు అక్కడే వండుకున్నారట.

"అక్కడ డబ్బుకి ఇబ్బంది లేదులే," అన్నాను.

"ఎందుకు లేదు మామయ్యా? చాలా ఏళ్ళు ఉంది," అంది.

అది చెప్పింది కొంత, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కొంత. టెక్సస్‌లో క్రీడాసామగ్రి, టెంట్లు, గాలాల లాంటి సరుకుల అమ్మకపు పన్నులో వాటా పార్కులకి ఇవ్వాలని 1993లోనే చట్టం చేశారు. కానీ ఎంత ఇవ్వాలో ప్రతి బడ్జెట్‌లోనూ శాసనసభే తేల్చేది. వచ్చిన పన్నులో పార్కులకి చేరింది తక్కువ, వేరే అవసరాలకి పోయింది ఎక్కువ. గొట్టాలు పగిలాయి, స్నానాల గదులు మూతపడ్డాయి. చివరికి 2019 నవంబరులో ఈ ప్రశ్నని ప్రజల ముందుకే తీసుకెళ్ళారు. ఆ పన్ను నేరుగా పార్కులకీ చారిత్రక స్థలాలకీ చేరేలా రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించాలా అని అడిగితే, ఓటేసినవాళ్ళలో సుమారు 88 శాతం మంది అవునన్నారు. పార్టీల గొడవలతో రెండుగా చీలిన రాష్ట్రంలో, సరస్సు ఒడ్డు శుభ్రంగా ఉండాలన్న మాట మీద జనం ఒక్కటయ్యారు.

అయినా అన్నీ దక్కలేదు. డాలస్‌కి దక్షిణాన ఫెయిర్‌ఫీల్డ్ లేక్ అనే సరస్సు ఒడ్డున 1970లనాటి స్టేట్ పార్కు ఉండేది. ఆ నేల ప్రభుత్వానిది కాదు, ఒక విద్యుత్ సంస్థనుంచి తీసుకున్న లీజు. ఆ సంస్థ నేలని అమ్మకానికి పెట్టింది. ప్రభుత్వం సకాలంలో కొనలేకపోయింది. 2023లో భూమి ఒక ప్రైవేటు కొనుగోలుదారు చేతికి వెళ్ళింది, పార్కు శాశ్వతంగా మూతపడింది. ఆ ఏడాది టెక్సస్ ఖజానాలో మిగులు రికార్డు స్థాయిలో ఉంది. ఆ నవంబరులోనే పార్కులకి భూములు కొనడానికి వంద కోట్ల డాలర్ల నిధిని ప్రజలు ఓటుతో ఆమోదించారు. కానీ ఫెయిర్‌ఫీల్డ్‌కి ఆ నిధి ఆలస్యమైంది. ఇక్కడా వేళ తప్పిన డబ్బే.

అమెరికా కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరునుంచి 35 రోజులు బడ్జెట్ లేక స్తంభించినప్పుడు, కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ పార్కులో మరుగుదొడ్లు నిండిపోయి క్యాంపు స్థలాలు మూసేయాల్సి వచ్చింది. ఎంత సంపన్న దేశమైనా ఊడ్చే మనిషి నెల రోజులు రాకపోతే మిగిలేది అదే. కాకపోతే వాళ్ళు ఒక మంచి పద్ధతి పెట్టుకున్నారు. 2004లో చేసిన చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ భూముల్లో వసూలయ్యే విహార రుసుములో కనీసం 80 శాతం, వసూలైన చోటే ఖర్చు కావాలి. నువ్వు కట్టిన డబ్బు నీ కళ్ళెదుటి కుళాయికే వెళ్తుందన్నమాట.

మన దగ్గర ప్రభుత్వానికి వచ్చే ఆదాయం రాజ్యాంగంలోని 266వ అధికరణ ప్రకారం సంచిత నిధిలోకి వెళ్ళాలి. శాసనసభ అనుమతి లేకుండా అందులోంచి రూపాయి తీయడానికి వీల్లేదు. ప్రజాధనానికి అది గట్టి కాపలా, దాన్ని తప్పుపట్టను. కానీ గేటు దగ్గర కట్టిన టికెట్టు డబ్బు ఆ మహాసముద్రంలో కలిసిపోయాక, మళ్ళీ ఆ గేటుకే తిరిగి వస్తుందన్న భరోసా ఉండదు. దీనికి చట్టంలోనే దారి ఉంది. 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణ, పులుల అభయారణ్యాలకి సొంత ఫౌండేషన్లు పెట్టుకునే వీలిచ్చింది. కేరళలోని పెరియార్ అంతకుముందే, 2004లో, ఫౌండేషన్ ఏర్పాటు చేసుకుంది. పెరియార్ కూడా ఒక సరస్సు చుట్టూ ఉన్న అడవే. వచ్చేవాళ్ళనుంచి టికెట్టుతోపాటు పర్యావరణాభివృద్ధి కోసమని అదనపు రుసుము తీసుకుని, ఆ డబ్బుని ఆ అడవికీ చుట్టుపక్కల మనుషులకీ వాడుకుంటుంది. ఒకప్పుడు అడవిలో దొంగతనంగా దాల్చినచెక్క ఒలిచినవాళ్ళే ఇప్పుడు యాత్రికులకి దారి చూపుతున్నారు, రాత్రి గస్తీ తిరుగుతున్నారు. పులి లేకపోవడం కొల్లేరు తప్పు కాదు. గూడబాతుకీ ఒక ఫౌండేషన్ ఉండాలి.

అంతదూరం పోనక్కర్లేదు కూడా. మన రాష్ట్రమే 1997లో నీటి సంఘాల చట్టం చేసింది. రైతులు ఎన్నుకున్న సంఘానికి, ఆ రైతులు కట్టిన నీటి తీరువాలో వాటా తిరిగిరావాలి, దాంతో వాళ్ళ కాలువ వాళ్ళు బాగుచేసుకోవాలన్నది దాని మూలసూత్రం. అంతకు ముందు తరాలవాళ్ళకీ ఈ ఆలోచన ఉంది. చెరువు తవ్వించినవాడికీ, దాన్ని బాగుచేస్తూ ఉండేవాడికీ దశబంధం మాన్యాలు ఇచ్చేవారు. చెరువు బాగుంటేనే ఆ మాన్యం పండుతుంది. కాబట్టి దాన్ని కాపాడటం అతని బతుకులో భాగం. మన తాతలు నిర్వహణ ఖర్చుని ఏటా ఎవరినో అడిగే దేబిరింపుగా పెట్టలేదు, తవ్విననాడే నేల రూపంలో రాసిచ్చారు.

మరి పిల్లవాడి టెంటు సంగతి? అభయారణ్యం లోపల రాత్రి బస పెట్టకూడదని నా అభిప్రాయం. పిల్లల్ని పొదివి పడుకున్న పక్షికి మన దీపాలూ పాటలూ అక్కర్లేదు. జాతీయ వన్యప్రాణి బోర్డు ముందస్తు అనుమతి లేకుండా లోపల వాణిజ్య వసతులు కట్టకూడదని చట్టం చెబుతోంది, అది మంచి చట్టం. కానీ అభయారణ్యం బయట, కైకలూరు పక్కనో, హనుమాన్ జంక్షన్‌నుంచి వచ్చే దారిలో ఏదైనా పంచాయతీ చెరువు గట్టు మీదో, ఇరవై టెంట్లకి చోటు చేయడం పెద్ద పని కాదు. కావలసింది చదునైన నేల, నీళ్ళు, దీపం, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి మెలకువగా ఉండే కాపలా మనిషి. ఇందులో మొదటిది ఒక్కసారి చేసే పని. మిగతా నాలుగూ ప్రతిరోజూ చేయవలసినవి.

అందుకే కట్టే ముందే మూడు మాటలు తేలాలి. ఒకటి, ఏ సరస్సు ఒడ్డున ఏం మంజూరు చేసినా, పదేళ్ళ నిర్వహణకి ఎంత అవుతుందో, అది ఏ పద్దునుంచి వస్తుందో ఆ మంజూరు కాగితంలోనే రాయాలి. రాయలేకపోతే కట్టొద్దు. కట్టని చోట కనీసం గడ్డి పెరుగుతుంది, పక్షి వాలుతుంది. రెండు, నిర్వహణ డబ్బు ఏప్రిల్‌లోనే విడుదల కావాలి. మిగతా పద్దులకి మూడు నెలలు ఆలస్యమైనా తట్టుకోవచ్చు, నీళ్ళ ఒడ్డు పనికి వేసవి పోతే ఏడాది పోయినట్టే. మూడు, గేటు దగ్గర వచ్చిన రూపాయి ఆ ఒడ్డునే ఉండాలి. లంక ఊళ్ళవాళ్ళు, పడవలవాళ్ళు, ఊడ్చే ఆడవాళ్ళు కూర్చున్న సంఘం చేతిలో ఉండాలి. ఈ నెల ఎంత వచ్చింది, దేనికి పోయిందన్నది గేటు పక్క బోర్డు మీద తెలుగులో రాసి ఉండాలి.

పొద్దు వాలుతుండగా ఆటపాక వదిలాం. గూడబాతులు వరసకట్టి నీళ్ళ మీదుగా స్టాండ్లకి తిరిగొస్తున్నాయి. అంత బరువైన పక్షి రెక్క ఆడించకుండా జారుతూ వచ్చి, తన గూడు ఏదో పొరపడకుండా దిగుతుంటే పిల్లవాడు ఊపిరి బిగబట్టి చూశాడు. వెనక్కి వస్తూ, పొద్దున్న ఆగిన చెరువు దగ్గర వాడు మళ్ళీ కారాపమన్నాడు. చీకట్లో పార్కు కనబడలేదు. హెడ్‌లైటు వెలుగులో శిలాఫలకం ఒక్కటే మెరిసింది. హనుమాన్ జంక్షన్ చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. స్వామి గుడి ముందు ఒకావిడ చీపురుతో మెట్లు ఊడుస్తోంది. పొద్దున్నా ఊడిచి ఉంటారు, రేపు పొద్దున్నా ఊడుస్తారు. ఆ గుడి కళంతా అందులోనే ఉంది.

ఇది చదువుతున్న మీ ఊళ్ళోనూ ఒక చెరువుంటుంది. దాని గట్టు మీద ఇప్పటికే ఏదో ఒకటి కట్టి ఉంటారు, లేకపోతే కడతామని చెప్పి ఉంటారు. జనవరి 26న గ్రామసభకి వెళ్ళండి. కొత్తగా ఏం కడుతున్నారని తర్వాత అడగవచ్చు. ముందు ఒక్క ప్రశ్న అడగండి: కట్టినదాన్ని చూసుకోవడానికి ఈ ఏడాది ఎంత రాశారు, అది ఏ నెలలో వస్తుంది?